అమాల్ఫీ నిమ్మ, అమలాపురం దబ్బ

మద్యాన్ని గురించి మన భాషలో నాకు తెలిసినంతలో రెండు రకాల రాతలే ఎక్కువ. తాగవద్దని చెప్పేవి కొన్ని, తాగి పాడుకొనేవి కొన్ని. ఒక పానీయాన్ని ఎదురుగా పెట్టుకొని, ఇందులో ఏ వాసన ఉంది, ఏది లోపించింది, చేసినవాడి శ్రద్ధ ఎక్కడ తెలుస్తోంది అని నింపాదిగా చెప్పే రాత అరుదు. కాఫీకి ఆ గౌరవం దక్కింది. ఆవకాయకు దక్కింది. పెసరట్టుకు సైతం దక్కింది. జిన్నుకు దక్కకపోవడంలో ఆశ్చర్యమేమీ లేదు. మా కోనసీమలో ఆ మాట చెవిన పడగానే గుర్తుకొచ్చేది ఈనిన గేదె. మా అమ్మ కూడా "జున్నా? ఎవరింట్లో ఈనిందిరా?" అనే అడిగింది.

తెచ్చినవాడు నా మేనల్లుడు. హోటల్ మేనేజ్‌మెంట్ చదివి, మధ్యధరా సముద్రంలో తిరిగే ఒక విహార నౌకలో పనిచేస్తున్నాడు. ఏడాదిలో ఎనిమిది నెలలు నీటి మీద, తక్కిన నాలుగు నెలలు అమలాపురంలో. నౌకలో అతడిది బారులో పానీయాలు కలిపే పని. మా ఇంట్లో మాత్రం "ఓడలో ఉద్యోగం" అని చెప్పి ఊరుకుంటారు. ఓడలో ఏం ఉద్యోగమని ఎవరైనా రెట్టించి అడిగితే మా అమ్మ మాట మార్చి, ఈసారి వరద ఏ మెట్టు దాకా వచ్చిందో అడుగుతుంది.

కిందటి సెలవులకు వచ్చినప్పుడు ఒక సీసా నా చేతిలో పెట్టి, "మావయ్యా, తాగమని కాదు. వాసన చూసి చెప్పు. నీ ముక్కు మీద నాకు నమ్మకం" అన్నాడు. నా ముక్కు మీద ఉండేది కోపమేనని ఇంటిల్లిపాది అభిప్రాయం. నమ్మకం కూడా ఉండగలదని అప్పుడే తెలిసింది.

సీసా మీది పేరు మాల్ఫీ కాన్ లిమోనే. ఇటలీ జిన్ను, 41 శాతం మద్యం, నిమ్మ వాసనకు పెద్దపీట. అమాల్ఫీ తీరపు నిమ్మకాయలు ఇందులో వాడతారు కనుక ఆ పేరు. అమాల్ఫీ, అమలాపురం! ఈ రెండు పేర్లనూ పక్కపక్కన పెట్టి చూసుకొని ఒక పూట మురిసిపోయాను. మా ఊరి పేరుతో ప్రాస కుదిరే ఊరు దొరకడం అంత సులువు కాదు.

ఇంతకీ జిన్ను అంటే ఏమిటి? ధాన్యం నుంచో మరొకదాని నుంచో తీసిన, దాదాపు ఏ వాసనా లేని సారాయంలో జునిపర్ కాయలను ముఖ్యంగానూ, మరికొన్ని దినుసులను తోడుగానూ వేసి బట్టీ పట్టి తీసేది. ఈ జునిపర్ మనకు కొత్తదేమీ కాదు, ఆయుర్వేదంలో దాని పేరు హపుష. మన దేశంలో తయారయ్యే ఒక జిన్ను ఆ పేరునే కొద్దిగా మార్చి పెట్టుకుంది. జునిపర్ తరువాతి స్థానం చాలా జిన్నుల్లో ధనియాలది. ఒక గుప్పెడు ధనియాలు నలిపి వాసన చూడండి, ఎక్కడో కమలాతొక్క ఛాయ తగులుతుంది. అంటే జిన్నులో నిమ్మ, నారింజ తొక్కలు వేయకపోయినా ఆ కుటుంబపు పరిమళం కొంత ఉండనే ఉంటుంది. యూరపు నిబంధనల ప్రకారం జిన్నులో మద్యం 37.5 శాతానికి తగ్గకూడదు, రుచిలో జునిపర్ ప్రధానంగా ఉండాలి. ఈ రెండో షరతును గుర్తుంచుకోండి, తరువాత పని ఉంది.

జిన్నుకు మాతృక హాలండు వాళ్ళ జెనీవర్. ఆ డచ్చివారు 1605లో మచిలీపట్నంలో దిగి, తరువాత పాలకొల్లు దాకా వర్తక స్థావరాలు పెట్టుకున్నారు. పాలకొల్లు ఎంత దూరమండీ, రాజోలు వైపు నుంచి చించినాడ వంతెన మీద వశిష్ఠ దాటితే అక్కడే. వాళ్ళ భాషలో పాంపెల్మూస్ అనే పండు ఉంది. ఆ మాటను రెండు మూడుసార్లు పైకి అని చూడండి. మన పంపరపనసకూ పనసకూ ఏ చుట్టరికమూ లేకపోయినా ఆ పేరెందుకు వచ్చిందో చెవికే తెలుస్తుంది. తమిళులు పంబళిమాసు అంటారు, అది మరీ దగ్గర.

ఇంకొక ముచ్చట. సారాలో నిమ్మరసం, పంచదార, నీళ్ళు, సుగంధద్రవ్యం కలిపి తాగే పానీయాన్ని ఇంగ్లీషువారు పంచ్ అన్నారు. అయిదు వస్తువులు కనుక మన 'పంచ' నుంచే ఆ పేరు వచ్చిందని చాలామంది నమ్మకం. ఆ మాట ఇంగ్లీషు రాతలో మొదట కనబడేది 1632లో, ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి ఒకడు సాటి ఉద్యోగికి రాసిన ఉత్తరంలో. ఆ ఉత్తరం అందుకున్నవాడు ఉన్నచోటు పెటపోలి, అంటే మన నిజాంపట్నం. నిమ్మనూ సారానూ ఒకే గ్లాసులో కలపడం లండను బారుల్లో పుట్టిన నాగరికత అనుకొనేవారు ఒకసారి బాపట్ల వైపు తిరిగి నమస్కారం పెట్టవచ్చు.

ఇదంతా పుస్తకాల సంగతి. ఇంటి సంగతి వేరు. మా ఇంట్లోకి మందు సీసా పట్టపగలు, వీధి గుమ్మంలోంచి రావడం అదే మొదటిసారి.

మా నాన్నగారు తాగేవారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు మొదలుపెట్టిన ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. ఆయన బ్రాందీకి మారారు. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. ఆయన యానానికి మారారు. యానాం మా పక్కనే ఉన్నా పుదుచ్చేరి పాలనలోనిది, నిషేధం అక్కడికి వర్తించదు. గౌతమి మీద ఇప్పుడున్న వారధి అప్పటికి లేదు. ఎదుర్లంక రేవులో పంటు ఎక్కి దాటేవారు, మళ్ళీ పంటు మీదే వచ్చేవారు. 1997లో నిషేధం సడలించారు. 1998లో కాలేయం చెడి ఆయన పోయారు. చట్టాలు మారినన్నిసార్లూ ఆయన దారి మార్చుకున్నారే కానీ గమ్యం మార్చుకోలేదు.

మా పెరట్లో నూతి పక్కన దబ్బ చెట్టు ఉండేది. ఇప్పటికీ ఉంది. రాత్రి పొద్దుపోయి వచ్చినప్పుడు నాన్నగారు వీధి గుమ్మంలోంచి వచ్చేవారు కాదు. దొడ్డి తలుపు తీసుకొని, చెట్టు దగ్గర ఆగి, ముళ్ళు తప్పించి రెండు ఆకులు తుంచి నమిలి, అప్పుడు వంటింటి వైపు నుంచి లోపలికి వచ్చేవారు. నోటి వాసన తెలియకుండా ఉండడానికి. ఆ ఆకు ఎంత ఘాటైనదంటే, మనిషి కంటె ముందు వాసన వచ్చేది. తాగని రోజున ఆయన ఆకు నమలరు కనుక, ఏం దాచాలనుకున్నారో అదే ఇల్లంతా తెలిసిపోయేది. లోపల పడుకొని కళ్ళు మూసుకొన్న పిల్లలకు కూడా.

వేసవిలో మజ్జిగలో దబ్బాకు తుంచి వేయడం మా వైపు చాలా ఇళ్ళలో అలవాటు. మా ఇంట్లో ఆ అలవాటు ఏ ఏడు ఆగిపోయిందో ఎవరమూ గమనించలేదు. అమ్మ దబ్బకాయ ఊరగాయ పెట్టేది, పులిహోర కలిపేది. ఆకు జోలికి మాత్రం వెళ్ళేది కాదు.

మేనల్లుడు పుట్టేటప్పటికి ఇవన్నీ అయిపోయాయి. అతడికి తాతగారంటే గోడ మీది ఫొటో.

సరే, పరీక్ష సంగతి. భోజనానికి ముందు ముక్కు చురుగ్గా ఉంటుందని మేనల్లుడు పదకొండు గంటలకు ముహూర్తం పెట్టాడు. అరుగు మీద మూడు గాజు గ్లాసులు, ఒక చెంబుతో నీళ్ళు, కొబ్బరిబొండం, టానిక్ నీళ్ళ సీసా. పోల్చుకోవడానికి ఒక పళ్ళెంలో నిమ్మకాయ, దబ్బకాయ, పంపరపనస తొక్క. నేను హైదరాబాదులో స్నేహితుల మధ్య ఎప్పుడైనా రుచి చూసినవాడినే. ఈ ఇంటి అరుగు మీద మాత్రం ఎన్నడూ లేదు.

మొదట ఏమీ కలపకుండా వాసన చూశాను. నిమ్మ, సందేహం లేదు. అయితే పిండిన నిమ్మరసం కాదు, గోటితో గిల్లిన నిమ్మతొక్క. నిమ్మపండు పరిమళమంతా రసంలో కాక, తొక్క మీది నూనె తిత్తుల్లో ఉంటుంది. ఆ నూనెలో ఎక్కువ భాగం లిమోనీన్, కానీ దానిని నిమ్మ అని మనం గుర్తుపట్టేది కొద్దిపాటి సిట్రాల్ వల్ల. ఈ సీసాలో ఆ రెండూ శుభ్రంగా, స్పష్టంగా ఉన్నాయి. ఉడికిన వాసన ఎక్కడా లేదు. గాలి తీసేసిన పాత్రలో తక్కువ వేడి మీద బట్టీ పడతారట, అందువల్ల. నిమ్మరసం పొయ్యి మీద ఉండగా పిండకూడదు, దించాక పిండాలి అని మన వంటింట్లో చెప్పే సూత్రమే అది, యంత్రాలతో చేశారు.

రెండోసారి వాసన చూస్తే చిన్నప్పుడు కొట్లో కొనుక్కున్న నిమ్మతొనలు గుర్తొచ్చాయి. పంచదారలో దొర్లించిన ఆ పసుపుపచ్చ బిళ్ళలు. ఇది మెచ్చుకోలూ అవును, ఆక్షేపణా అవును. జునిపర్ ఎక్కడుందా అని వెతికితే మూడోసారికి దొరికింది. గుగ్గిలం పొగ వేసి చాలాసేపయిన గదిలో మిగిలే వాసన ఎలా ఉంటుందో అలా, వెనకాల. ఇందాక గుర్తుంచుకోమన్న షరతు ఇదే. ఈ సభలో అధ్యక్షత జునిపర్‌ది, ఉపన్యాసమంతా నిమ్మది.

నాలుక మీద వేసుకుంటే ముందు పులుపు వస్తుందని మనసు సిద్ధపడుతుంది, రాదు. బట్టీలోంచి పులుపు పైకి ఎక్కదు కదా. పరిమళం నిమ్మ అంటుంది, నాలుక కాదంటుంది. ఆ ఖాళీలోకి ఒక తీపి భ్రమ వచ్చి కూర్చుంటుంది. మధ్యలో ధనియాల వెచ్చదనం కొంత. చివర చప్పున ముగిసిపోతుంది. నాకు లోటుగా తోచింది చేదు. దబ్బతొక్కలో, పంపరపనస పొరలో ఉండే చేదు. నిమ్మ జాతికి వెన్నెముక అదేనని ఊరగాయ పెట్టిన ఎవరైనా చెబుతారు.

కొబ్బరినీళ్ళలో కలిపి చూశాం. మా కోనసీమ అభిమానం కొద్దీ అది గొప్పగా ఉండాలని ఇద్దరమూ కోరుకున్నాం, ఉండలేదు. ఇద్దరు మెతక మనుషులు కలిసి సంసారం చేసినట్టుంది, నిర్ణయం తీసుకొనేవారు లేరు. టానిక్ నీళ్ళలో మాత్రం బాగా కుదిరింది, అందులోని క్వినైన్ చేదు కావలసిన వెన్నెముకను ఇచ్చింది. అన్నింటికంటే బాగున్నది, ఉత్త నీళ్ళు కలిపిన గ్లాసు మీద దబ్బతొక్కను మడిచి నొక్కినప్పుడు. ఆ తుంపర పడగానే అమాల్ఫీ నిమ్మ ఒక్కసారి నిటారుగా కూర్చుంది. నేను మింగింది అన్నీ కలిపి రెండు చెంచాలు ఉంటుంది.

అప్పటిదాకా లోపల బియ్యం ఏరుకుంటున్న అమ్మ ఎప్పుడు వచ్చిందో, మా వెనక నిలబడి ఉంది. "ఇలా ఇవ్వు" అంది. మేనల్లుడు నా వైపు చూశాడు. నేనేమీ అనలేదు. గ్లాసు అందించాడు.

అమ్మ దాన్ని ముక్కుకి ఆనించుకోలేదు. ఒక జానెడు దూరంలో పట్టుకొని, చాలాసేపు వాసన చూసింది. కళ్ళు మూసుకొంది. నేను ఆమె వైపు చూడలేక బొండంలోకి చూశాను.

"తొక్కే. ఆకు లేదు" అంది.

మేనల్లుడికి అది రుచి తెలిసినవారు చెప్పే తీర్పుగా వినబడింది. వాడి ముఖం వెలిగిపోయింది. "కరెక్ట్ అమ్మమ్మా! ఆకు వెయ్యరు. నారింజాకులు, లేత కొమ్మల నుంచి వేరే నూనె తీస్తారు, పెటిగ్రేన్ అని, అది సెంట్లలో వాడతారు. నీకెలా తెలిసింది?" అన్నాడు. తన పని గురించి ఈ ఇంట్లో ఒక మనిషి ఒక మాట అనడం వాడికి అదే మొదలు. ఇక ఆగలేదు. బట్టీలు, తొక్కలు, ఏ పండు ఏ రేవులో దొరుకుతుందో, అన్నీ చెప్పాడు. అమ్మ గ్లాసు చేత్తోనే పట్టుకొని అంతా విన్నది.

చివరికి అడిగింది. "నువ్వు రోజూ ఎంత తాగుతావురా?"

"పనిలో ఉండగా తాగకూడదు అమ్మమ్మా, ఉద్యోగం పోతుంది. స్ట్రాతో ఒక చుక్క నాలుక మీద వేసుకొని చూస్తాం, అంతే."

"ఎదటివాడు ఎక్కువైపోయినా ఇంకా పొయ్యమంటే?"

"పొయ్యం. ఆపేస్తాం."

"ఆపితే ఊరుకుంటాడా?"

"ఊరుకోడు. అయినా ఆపుతాం. అది కూడా నేర్పుతారు."

అమ్మ గ్లాసు అరుగు మీద పెట్టింది. "అప్పట్లో ఎవరూ ఆపలేదు" అని, మళ్ళీ బియ్యం దగ్గరికి వెళ్ళిపోయింది. మేనల్లుడు నన్ను ఏమీ అడగలేదు. ఆ సాయంత్రం అడిగాడు. దబ్బ చెట్టు దగ్గర నిలబడి చెప్పాను.

రెండు వారాల తరువాత కొత్తపేట నుంచి వాడికి ఒక సంబంధం వచ్చింది. పిల్ల తరఫు పెద్దాయన కాఫీ తాగుతూ, "ఓడలో ఏం ఉద్యోగమండీ?" అని మామూలుగానే అడిగారు. నేను వరద సంగతి వస్తుందని ఎదురుచూశాను. "బారులో అండీ. మందు కలిపే పని. తాగే పని కాదు" అంది అమ్మ. ఆయన "ఆయ్" అని ఊరుకున్నారు. ఆ సంబంధం కుదరలేదు. జాతకాలు అన్నారు. అయి ఉండవచ్చు. అమ్మ ఆ తరువాత వచ్చిన వాళ్ళకీ అదే జవాబు చెబుతోంది.

ఇక మార్కులు. వెయ్యకుండా వదలనని మేనల్లుడు పట్టుబట్టాడు. పరిమళానికి పదికి ఎనిమిది, రుచికి ఆరు, ముగింపుకు అయిదు. నిమ్మతొక్క వాసనను ఇంత నిర్మలంగా సీసాలో పట్టినందుకు చేసినవారికి దండం పెట్టవచ్చు. జిన్నుగా చూస్తే మాత్రం జునిపర్‌కు మరికొంత చోటివ్వవలసింది. ఎండాకాలం సాయంత్రాలకు, టానిక్‌తో, ఎక్కువ ఆలోచన అక్కరలేని వేళల్లో సరిపోతుంది. నిదానంగా, ఒంటరిగా చప్పరించడానికి కాదు.

తమాషా ఏమిటంటే, ఈ సీసా తయారయ్యేది అమాల్ఫీలో కాదు. దక్షిణాన ఉన్న ఆ తీరానికి ఎంతో దూరంగా, వాయవ్యాన టొరీనో పక్కనున్న మోంకలియేరి అనే ఊళ్ళో. 2019లో ఫ్రాన్సుకు చెందిన పెర్నో రికార్ సంస్థ ఈ పేరును కొనుక్కుంది. అయినా పేరు అమాల్ఫీదే, ఊహ అమాల్ఫీదే. ఎందుకంటే అక్కడి కొండవాలు మెట్ల తోటల్లో పండే ఆ సన్నటి, మందపాటి తొక్క నిమ్మకు 2001లోనే యూరపులో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఊరి పేరుకు విలువ కట్టే పద్ధతి వాళ్ళకు తెలుసు. మనకూ తెలియకపోలేదు, మా ఆత్రేయపురం పూతరేకులకు 2023లో ఆ గుర్తింపు వచ్చింది. దబ్బకాయకు అంగడి లేదు కనుక అడిగినవారు లేరు. పెంకుటిల్లు పడగొట్టి డాబా వేసేటప్పుడు మొదట పోయేది నూతి పక్కన చెట్టు. ముళ్ళు కదా, పైగా కాయలు ఎవరికి పంచాలి?

పుట్టుక సంగతి చూస్తే మాత్రం నిమ్మ జాతి మొత్తానికీ పుట్టినిల్లు హిమాలయాల తూర్పు పాదాల దగ్గర. 2018లో నేచర్ పత్రికలో వచ్చిన జన్యు పరిశోధన ఆ మాటే చెప్పింది. యూరపు నిమ్మ అసలు స్వతంత్ర జాతి కూడా కాదు, పుల్ల నారింజకూ మాదీఫలానికీ పుట్టిన సంకరం. ఆ పుల్ల నారింజేమో పంపరపనసకూ కమలాకూ పుట్టింది. అంటే ఆ రోజు మా అరుగు మీద, పళ్ళెంలో ఉన్న పంపరపనస సీసాలో ఉన్న అమాల్ఫీ నిమ్మకు వరసకు అమ్మమ్మో నాయనమ్మో అవుతుంది. అమ్మమ్మ దగ్గరికి మనవడు సముద్రాలు దాటి వచ్చాడన్నమాట.

మేనల్లుడు ఓడ ఎక్కేశాడు. పోతూ పోతూ దబ్బతొక్కలు ఎండబెట్టి ఒక డబ్బా నిండా పట్టుకెళ్ళాడు, బారులో ఏదో చేసి చూస్తాడట. ఆకులు కూడా కోసుకెళ్ళనా అని అమ్మను అడిగాడు. "నీ ఇష్టం" అంది. ఇదివరకైతే ఆ మాట కూడా అనేది కాదు. వచ్చే వేసవికి మా ఇంట్లో మజ్జిగలో దబ్బాకు పడుతుందని నేననుకోవడం లేదు, పడాలని కూడా లేదు. చెట్టు మాత్రం ఉంటుంది.

మీ వైపు దబ్బకాయను ఏమంటారు? నారదబ్బ, గజనిమ్మ, మాదీఫలం, ఇవన్నీ ఒకటేనా, వేరువేరా? ఆకు మీ ఇంట్లో దేనిలో వేస్తారు? తెలిసినవారు చెబితే రాసిపెట్టుకుంటాను.